శిక్షణ విమానమా, శిక్షణా విమానమా?

ప్రశ్న: విమానాలు తయారుచేసే హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వారి జెట్ ట్రైనర్ ‘యశస్’ను ఒక పత్రిక ‘శిక్షణా విమానం’ అనీ, మరొకటి ‘శిక్షక విమానం’ అనీ రాశాయి. మా మనవడేమో ‘శిక్ష వేసే విమానమా తాతా?’ అన్నాడు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ మనవడు నవ్వులాటకే అన్నా అసలు కిటుకు వాడికే దొరికింది. ‘శిక్ష్’ ధాతువుకు పెద్దలు చెప్పిన అర్థం ‘విద్యోపాదానే’, అంటే చదువును గ్రహించడం. అందులో దండన ఊసే లేదు. వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రం పేరు శిక్ష. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఆ శిక్షను వర్ణం, స్వరం, మాత్ర, బలం అంటూ చెబుతుంది. మనకేమో శిక్ష అనగానే కడప జైలు గుర్తొస్తుంది! బెత్తం తగలనిదే చదువు ఎక్కదని నమ్మిన పంతుళ్ల పుణ్యం కాబోలు. పోతన ప్రహ్లాదుడి కథలో ఈ రెండర్థాలూ ఒకే ఇంట కాపురం చేస్తాయి. (పోతన మా ఒంటిమిట్టవాడా, ఓరుగల్లువాడా అన్న తగవు ఇప్పుడొద్దు.) ‘చదువులలో మర్మమెల్లఁ జదివితిఁ దండ్రీ’ అంటాడు కొడుకు. ఆ మర్మం హరిభక్తి అని తేలాక తండ్రి పాములతో కరిపించి, ఏనుగులతో తొక్కించే రెండో శిక్షకు దిగుతాడు.

ఇక ‘శిక్షణా’ అన్నది తప్పు. సంస్కృతంలో అది శిక్షణం. సంస్కృతంలో ‘విద్యా’ దీర్ఘంతో ముగుస్తుంది కనుక ‘విద్యాశాఖ’లో దీర్ఘం ఉంది, అది దీనికి రాదు. కర్నూలు నుంచి కడప దాకా ఏ గోడ చూసినా ‘శిక్షణా కేంద్రం’, దాని కింద ‘శిక్షణ ఇవ్వబడును’! ఇస్తామని అనడానికి నోరు రాదేమో.

‘శిక్షక’కు వ్యాకరణం అడ్డు చెప్పదు. కాని నేర్పేది మనిషి గదా. హెచ్.ఏ.ఎల్. వారిదే పాత జెట్ ట్రైనర్, 1964లో తొలిసారి ఎగిరిన కిరణ్‌లో గురుశిష్యులు పక్కపక్కనే కూర్చుంటారు. దాని స్థానంలోకి రావాలని తయారై, 2003లో ఎగిరిన సితారలో (మీరడిగిన యశస్ పాత పేరు ఇదే) శిష్యుడు ముందు, గురువు వెనక. గిరగిరా తిరుగుతూ కిందికి జారే ‘స్పిన్’లోంచి విమానాన్ని ఎలా బయటికి లాగాలో నేర్పేది ఆ వెనకాయనే. సితార ఏళ్ల తరబడి వెనకబడడానికీ ఈ స్పిన్ చిక్కే ఒక ముఖ్య కారణం. అయితే కుర్రవాడి పొరపాట్లు ఓర్చుకునే విమానమూ ఒకరకంగా గురువే కనుక ‘శిక్షక’ను పూర్తిగా కొట్టేయలేను. నేనైతే ‘శిక్షణ విమానం’ అనే రాస్తాను. జెట్ ట్రైనర్ అన్నా కొంప మునగదు. ‘అభ్యాస విమానం’ అతకదు.

అన్నట్టు, ఆ సితారకు యశస్ అని పేరు మార్చింది 2025లో. తెలుగులో అది యశస్సు. పేరు గనక పెట్టినవారి ఇష్టం. ‘మన ఇంజనీర్లకు మంచి యశస్ దక్కింది’ అని రాస్తే మాత్రం ఊరుకోను.