హిమోగ్లోబిన్ నార్మలే అని ఊరుకోకండి, ఫెరిటిన్ చూపించుకోండి

"హిమోగ్లోబిన్ 12 ఉంది, నార్మల్ అన్నారు. మరి ఈ ఆయాసం, జుట్టు ఊడటం ఎందుకు?" అని ఒకావిడ నన్ను అడిగారు. రెండేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి.

నాకు 12.1 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉంటే చాలంటారు కదా అని రిపోర్టు బీరువాలో పెట్టేశాను. కానీ రాత్రి పదయ్యేసరికి మనసంతా బియ్యం డబ్బా మీదే. పిడికెడు పచ్చి బియ్యం నమిలితే గానీ నిద్ర పట్టేది కాదు. పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని పిల్లల్ని బెదిరిస్తారు తప్ప, అది ఐరన్ తగ్గిన గుర్తు కావచ్చని ఎవరూ చెప్పరు.

సూర్యాపేట నుంచి వచ్చిన మా అత్తమ్మ ఒక రాత్రి మంచినీళ్లకి లేచి చూసింది. "ఏందమ్మా, గిట్ల బియ్యం బుక్కుతున్నవ్? ఒంట్ల రక్తం లేదు నీకు" అని, తెల్లారగానే హబ్సిగూడలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ ఫెరిటిన్ రాశారు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష అది. 7 వచ్చింది! 15 కన్నా తగ్గిందంటే నిల్వలు అడుగంటినట్టే. ఒళ్లు ముందు దాచుకున్న ఐరన్‌ని వాడేస్తుంది, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే.

అంతకు ముందే డబ్బు పోసి చేయించుకున్న ఫుల్ బాడీ చెకప్‌లో డెబ్బై పరీక్షలున్నాయి, ఇదొక్కటే లేదు. నాకు ఇప్పటికీ కోపమే.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, మగవాళ్లకి 19 చాలు. మన ఇళ్లలో మాత్రం అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన తోటకూర పప్పే ఆడవాళ్లకి. దాని మీద వెంటనే ఒక చాయ్! అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిన్నదాంట్లో ఐరన్ సరిగా ఒంటబట్టదు. హైదరాబాద్‌లో ఈ మాట చెబితే శత్రువుని చూసినట్టు చూస్తారు, అయినా చెబుతాను. గంటన్నా ఆగండి. ఐరన్ బాగా ఒంటబట్టడానికి పప్పులో నిమ్మకాయ పిండుకోండి.

నాకు ఐరన్ మాత్ర పొద్దున, కాల్షియం రాత్రి వేసుకోమన్నారు. రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ తక్కువ పడుతుందట. నెల తిరిగేసరికి బియ్యం మీద యావ పోయింది, ఫెరిటిన్ 30 దాటడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. మీరు జ్వరం, జలుబు లేనప్పుడు చేయించుకోండి. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఎక్కువ చూపిస్తుంది, మళ్లీ నార్మలే అని పంపించేస్తారు.