రివర్బ్ పెడల్‌కు 35 వేలా?

ప్రశ్న: మేం చెన్నై వడపళనిలో ఉంటాం. మా అబ్బాయి ప్లస్ వన్, మ్యాథ్స్ గ్రూపు. పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్ సింథసైజర్ (రకరకాల శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డు) కొనిచ్చాం. ఇప్పుడు దానికి బయట తగిలించే రివర్బ్ పెడల్ కావాలట, 35 వేలు! అందులోనే ఎఫెక్టులు ఉన్నాయి కదా అంటే ‘నీకు తెలీదమ్మా’ అంటాడు. ఇది కెరీరా, మోజా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, అబ్బాయి అడిగినదాంట్లో న్యాయముంది. ఖాళీ కల్యాణ మండపంలో చప్పట్లు కొడితే ఆ శబ్దం కాసేపు అక్కడే తిరుగుతుంది చూడండి, అదే రివర్బ్. దాన్ని వాయిద్యం శబ్దానికి జోడించే చిన్న పెట్టే ఈ పెడల్. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్‌లో అది లేనేలేదు, బయటి పరికరం పెట్టుకోవాల్సిందే. 1987లో వచ్చిన రోలాండ్ డీ-50 సింథసైజర్ రివర్బ్‌ను లోపలే పెట్టి ఇచ్చింది. అయినా స్టూడియోల వాళ్లు బయటి పరికరాలు మానలేదు, ఎందుకంటే దేని గొంతు దానిదే. 1957 నాటి ఈఎంటీ 140 అనే రివర్బ్ పరికరంలో పెద్ద ఉక్కు రేకును వేలాడదీసి కంపింపజేస్తారు. బరువు పావు టన్నుకు పైనే. మీవాడు అడిగింది చేతిలో పట్టేదే, సంతోషించండి.

అయినా ఇప్పుడే కొనొద్దనే నా మాట. ముందు అతన్ని మూడు ప్రశ్నలు అడగండి. పెడల్స్ చాలావరకు గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం చేసినవి. సింథ్ సిగ్నల్ అంతకంటే చాలా ఎక్కువ. తట్టుకోలేని పెడల్‌కు ఇస్తే శబ్దం బరబరమంటుంది. అందుకే మొదటి ప్రశ్న: నువ్వు అడిగే పెడల్ లైన్ లెవెల్ (సింథ్ ఇచ్చే ఆ బలమైన సిగ్నల్) తీసుకుంటుందా? రెండోది: సింథ్‌లో స్టీరియో ఉంటే, పెడల్ కూడా స్టీరియోనేనా? మూడోది: వాయిద్యాల శబ్దాలను కలిపే మిక్సర్‌లో ఆక్స్ సెండ్ (శబ్దం నకలును బయటి పరికరానికి పంపే దారి) నుంచి పంపితే పెడల్‌లో డ్రై (అసలు శబ్దం) ఎంత, వెట్ (రివర్బ్ శబ్దం) ఎంత పెడతావు? (మూడోదానికి జవాబు పూర్తిగా వెట్. అసలు శబ్దం మిక్సర్‌లో ఎలాగూ ఉంటుంది. అలా ఒక్క పెడల్ నాలుగు వాయిద్యాలకు సరిపోతుంది.)

తడుముకోకుండా చెప్పాడంటే అది మోజు కాదు. స్టూడియోలో జీతం ఇచ్చేది ఈ తెలివికే, పెడల్‌కు కాదు. తడబడితే కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే రివర్బ్‌తో ఆరు నెలలు నేర్చుకోమనండి. ఒకే ట్యూన్ డ్రైగా ఒకటి, రివర్బ్‌తో ఒకటి రికార్డు చేయించి మీరే వినండి. డ్రై రికార్డింగ్ విడిగా దాచడం అలవాటు కావాలి. కలిపి రికార్డు చేసిన రివర్బ్‌ను మళ్లీ తీయడం గగనం.

ఉద్యోగమంటే పాటలొక్కటే అనుకోకండి. డబ్బింగ్ థియేటర్‌లో చెప్పిన డైలాగు గుహలో అరిచినట్టు వినిపించాలంటే రివర్బే దిక్కు. తరమణిలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడియోగ్రఫీ (సినిమా సౌండ్ రికార్డింగ్) చదవచ్చు. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) సౌండ్ కోర్సుకు డిగ్రీ కావాలి, ప్లస్ టూలో ఫిజిక్స్ ఉండాలి. అందుకే ఎంత సంగీతమైనా ఫిజిక్స్ వదలనివ్వకండి. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, రాత్రిళ్లు పని. ఆ టెన్షన్ మీకూ తప్పదు.

కొనే రోజు వస్తే సింథ్‌ను కూడా షాపుకు మోసుకెళ్లమనండి. గిటార్‌తో వినిపించే డెమో చూసి డబ్బు కట్టొద్దు. పెడల్ అడాప్టర్ కూడా అడిగి తీసుకోండి. ఇంట్లో పడున్న ఏదో చార్జర్ గుచ్చితే 35 వేలూ ఒక్క పూటలో పోతాయి.