పీఈటీ సార్ జవాబులు: ప్రపంచకప్ ఎక్కడ ఆడాలో తేల్చేదెవరు?

(కడప దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరైన మాస్టారు, ఆటల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు ప్రతి నెలా ఇక్కడ జవాబిస్తారు. ఈసారి ఉత్తరాలన్నీ ఫుట్‌బాల్ అవినీతి గురించే.)

ప్రశ్న: సార్, మే నెలలో మా ఊళ్లో మధ్యాహ్నం గడప దాటాలంటేనే భయం. ఖతార్ ఎండ ఇంకా ఘోరమని అక్కడ పనిచేసే మా బావ చెప్తాడు. జూన్, జులైలో ఆడే ప్రపంచకప్‌ను అలాంటి దేశానికి ఎలా ఇచ్చారు? డబ్బులిచ్చి కొనుక్కున్నారంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నాయనా, ఆ ఎండ సంగతి ఓటేసినవాళ్లకు ముందే తెలుసు. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంఘం ఫిఫా తన మనుషులను పంపి పోటీలో ఉన్న దేశాలన్నిటినీ చూపించి నివేదికలు రాయించుకుంది. 2022 కప్పు అడిగిన అయిదు దేశాల్లో నిర్వహణపరంగా ఎక్కువ రిస్కు ఉందని రాసింది ఒక్క ఖతార్ గురించే. ఆ కాగితాలు చేతిలో ఉండగానే 2010 డిసెంబర్ 2న జ్యూరిచ్‌లో ఓటింగ్ జరిగింది. మొదటి రౌండ్‌లోనే ఖతార్‌కు 11 ఓట్లు పడ్డాయి. ఆస్ట్రేలియాకు ఒకటే ఓటు. నాలుగో రౌండ్ వచ్చేసరికి ఖతార్‌కు 14, అమెరికాకు 8. ఎండ కారణంగా తర్వాత టోర్నమెంటునే నవంబర్, డిసెంబర్‌కు మార్చారు. దానికోసం యూరప్‌లోని పెద్ద లీగులు మధ్యలో ఆగాయి.

ఓటేసింది ఎంతమందో చూడు. 22 మంది. కార్యవర్గంలో 24 మంది ఉండాలి. ఆ అక్టోబర్‌లో లండన్ పత్రిక ఒకటి, అమెరికా తరఫున వచ్చినట్టు నటించిన విలేకరులను పంపి, ఓట్ల బేరాన్ని రహస్యంగా రికార్డు చేసింది. దాంతో నైజీరియాకు చెందిన అమోస్ అడాము, తహితికి చెందిన రేనాల్డ్ తెమారీ సస్పెండయ్యారు. మిగిలిన 22 మందే ఒకే రోజు 2018, 2022 కప్పులు రెండూ తేల్చేశారు. ఎవరు ఎవరికి వేశారో బయటికి రాని రహస్య ఓటు.

మన దగ్గర మండలాధ్యక్షుడి ఎన్నిక ఎలా జరుగుతుందో నీకు తెలుసు. పదిహేను, ఇరవైమంది ఎంపీటీసీలు. వాళ్లను బస్సెక్కించి బెంగళూరుకో గోవాకో క్యాంపుకు తీసుకుపోతారు, ఫోన్లు లాక్కుంటారు, ఓటింగ్ రోజు పొద్దున నేరుగా ఆఫీసు ముందు దించుతారు. అదీ చేతులెత్తే పద్ధతి. ఎవరు ఎటు ఎత్తారో ఊరంతా చూస్తుంది. అయినా బేరాలు ఆగవు. అలాంటిది ఇరవై చిల్లర మంది, రహస్య ఓటు, వెనకాల వేల కోట్ల వ్యాపారం ఉన్నచోట ఏం జరగొచ్చో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇక కొన్నారా అన్న నీ ప్రశ్నకు జాగ్రత్తగానే చెప్తాను. 2022 కప్పును ఖతార్ లంచంతో కొన్నదని ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. ఖతార్ మొదటినుంచీ కాదనే అంటోంది. 2020లో అమెరికా ప్రాసిక్యూటర్లు మాత్రం, ఖతార్‌కు ఓటేయడానికి దక్షిణ అమెరికా సభ్యులు లంచాలు తీసుకున్నారని అభియోగపత్రంలో రాశారు. అందులో బ్రెజిల్‌కు చెందిన రికార్డో టెషేరా పేరు ఉంది. ఫిఫా సొంతంగా నియమించుకున్న మైకేల్ గార్సియా 2014లో పెద్ద నివేదిక ఇచ్చాడు. దాన్ని బయటపెట్టకుండా ఫిఫా 42 పేజీల సారాంశం మాత్రం విడుదల చేసింది. అది తన నివేదికను వక్రీకరించిందని ఆయన రాజీనామా చేసి పోయాడు. అసలు నివేదిక 2017లో, ఒక జర్మన్ పత్రిక చేతికి చిక్కాక గానీ బయటికి రాలేదు. 2018 కప్పు గెలిచిన రష్యా వాళ్లనూ గార్సియా కాగితాలు అడిగాడు. బిడ్డింగ్‌కు వాడిన కంప్యూటర్లు అద్దెవని, తిరిగి ఇచ్చేశాక వాటిని ధ్వంసం చేశారని జవాబు వచ్చింది. ఇంత జరిగాక సాక్ష్యం దొరకలేదంటే, తప్పు జరగలేదని నేను మాత్రం అనుకోను.

ప్రశ్న: లంచం అంటే ఎవరో ఒకరి జేబులోంచి రావాలి కదా సార్. ఫుట్‌బాల్‌లో అంత డబ్బు ఎక్కడిది?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. చాలామంది ఇక్కడిదాకా రారు. డబ్బు టీవీ హక్కుల్లో ఉంది. ఒక టోర్నమెంటు ప్రసార హక్కులు కొనడానికి మధ్యవర్తి కంపెనీ వస్తుంది. సంఘం పెద్దకు లోపాయికారీగా కొంత ముట్టజెప్పి హక్కులు చవగ్గా రాయించుకుంటుంది. వాటినే టీవీ చానళ్లకు ఎక్కువ ధరకు అమ్ముకుంటుంది. ఆ తేడా ఉంది చూడు, అది ఆటకు రావాల్సిన డబ్బు. పిల్లల బూట్లకు, మైదానాలకు, ఊళ్లలో కోచ్‌ల జీతాలకు పోవాల్సింది.

ఇది ఊహ కాదు, రుజువైన సంగతి. ఐఎస్ఎల్ అని స్విట్జర్లాండ్‌లో ఒక కంపెనీ ఉండేది. మన ఇండియన్ సూపర్ లీగ్ కాదు, వేరే. అది 2001లో దివాలా తీసింది. 2012లో బయటికొచ్చిన స్విస్ ప్రాసిక్యూషన్ పత్రం ప్రకారం, ఆ కంపెనీ నుంచి టెషేరాకు 1 కోటి 27 లక్షల స్విస్ ఫ్రాంకులు, ఆయన మామ జోవో హవెలాంజ్‌కు 15 లక్షల ఫ్రాంకులు ముట్టాయి. ఆ హవెలాంజ్ 1974 నుంచి 1998 దాకా ఫిఫా అధ్యక్షుడు. ఆ రోజుల్లో ఇలాంటి ‘కమీషన్’ తీసుకోవడం అక్కడి చట్టంలో నేరమే కాదు. ఫిఫా ఆ దేశంలో కంపెనీగా కాదు, ఒక సంఘంగా నమోదైంది.

బ్రెజిల్‌కే చెందిన జోసే హవిల్లా అనే మార్కెటింగ్ వ్యాపారి అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుని 15 కోట్ల డాలర్లకు పైగా తిరిగి కట్టడానికి అంగీకరించాడు. ఒక్క మధ్యవర్తి చేతిలోనే అంత ఉందంటే, అమ్మా, ఈ ఆట నుంచి ఎంత తోడారో నువ్వే లెక్క వేసుకో.

ట్రినిడాడ్ సంగతి కూడా నీకు చెప్పాలి. 2011 మే నెలలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒక హోటల్‌కు కరీబియన్ దేశాల ప్రతినిధులను పిలిచారు. ఫిఫా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఖతార్ వ్యక్తి మొహమ్మద్ బిన్ హమ్మాం వచ్చి మాట్లాడాడు. తర్వాత ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి కవర్లు ఇచ్చారు. కవర్లో 40,000 డాలర్ల నగదు. బహామాస్ ప్రతినిధి ఆ నోట్లను ఫొటో తీసుకుని, డబ్బు వెనక్కిచ్చేసి, విషయం పైకి చెప్పాడు. బిన్ హమ్మాం ఆరోపణను ఖండించాడు. మొదటి నిషేధం సాక్ష్యం చాలదని అప్పీల్లో కొట్టేశారు. 2012 చివర్లో వేరే ఆరోపణల మీద మళ్లీ జీవితకాల నిషేధం పడింది. నాకు ఆ బహామాస్ మనిషి అంటే చాలా గౌరవం. చిన్న దేశం, చిన్న సంఘం, కళ్లముందు అంత డబ్బు. అయినా వద్దన్నాడు.

ప్రశ్న: ఫిఫా వాళ్లను అమెరికా పోలీసులు పట్టుకోవడం ఏంటి? వాళ్లకేం సంబంధం?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: డబ్బు అమెరికా బ్యాంకుల గుండా పోయింది, అంతే. 2015 మే 27న తెల్లవారుజామున జ్యూరిచ్‌లో బోర్ ఓ లాక్ హోటల్‌లో ఏడుగురిని అరెస్టు చేసింది స్విస్ పోలీసులే, అమెరికా అడిగితే. మొత్తం 14 మంది మీద కేసు, 15 కోట్ల డాలర్ల లంచాలు, 24 ఏళ్ల కథ. దారి చూపించినవాడు ఫిఫా పెద్దల్లోనే ఒకడు: అమెరికాకు చెందిన చక్ బ్లేజర్. పన్నులు ఎగ్గొట్టి దొరికిపోయి, ప్రభుత్వ సాక్షిగా మారి, తోటివాళ్ల మాటలు రికార్డు చేసిచ్చాడు.

అరెస్టులైన రెండు రోజులకే సెప్ బ్లాటర్ మళ్లీ ఫిఫా అధ్యక్షుడిగా గెలిచాడు! నాలుగు రోజుల్లో దిగిపోతానని ప్రకటించాడు. అప్పటి యూరప్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు మిషెల్ ప్లాటినీకి ఇచ్చిన 20 లక్షల ఫ్రాంకుల విషయంలో ఇద్దరిమీదా ఫుట్‌బాల్ నిషేధం పడింది. కానీ స్విస్ కోర్టులు 2022లో ఒకసారి, 2025లో మరోసారి ఇద్దర్నీ నిర్దోషులన్నాయి. అదీ చెప్పాలి కదా.

ప్రశ్న: అనంతపురంలో అకాడమీ పిల్లలతో ఆడుతుంటాను సార్. 2022లో ఫిఫా ఇండియాను బ్యాన్ చేసినప్పుడు చాలా టెన్షన్ పడ్డాం. అంత అవినీతి ఉన్న ఫిఫాకు మనల్ని బ్యాన్ చేసే అర్హత ఉందా?
– పద్దెనిమిదేళ్ల డిఫెండర్

జవాబు: బాబూ, నీ కోపం నాకు అర్థమైంది. కానీ మన దేశ ఫుట్‌బాల్ సంఘం కూడా అప్పుడు సక్రమంగా లేదు. అధ్యక్షుడి పదవీకాలం 2020 డిసెంబర్‌లో అయిపోయినా ఎన్నికలు పెట్టలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ కార్యవర్గాన్ని తప్పించి ఒక కమిటీకి అప్పగించింది. బయటివాళ్ల జోక్యం అని ఫిఫా ఆగస్టు నడుమ సస్పెండ్ చేసి, 26న ఎత్తేసింది. ఈలోగా నష్టపోయింది ఎవరు? గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు. ఆసియా క్లబ్ టోర్నమెంటు కోసం తాష్కెంట్ దాకా పోయి, ఆడకుండా తిరిగొచ్చారు. ఎన్నికలు పెట్టనిది పెద్దలు, శిక్ష ఆ పిల్లలకు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కోర్టు నియమించిన కమిటీ 36 మంది మాజీ ఆటగాళ్లకు కూడా ఓటు ఉండాలంది. ఫిఫా అభ్యంతరం చెప్పింది. చివరికి ఓటు రాష్ట్ర సంఘాలకే మిగిలింది. సెప్టెంబర్ 2న అధ్యక్ష ఎన్నికలో కల్యాణ్ చౌబేకు 33, మన జట్టు మాజీ కెప్టెన్ బైచుంగ్ భూటియాకు 1. చౌబే కూడా గోల్‌కీపర్‌గా ఆడినవాడే, ఆయన గెలిచినందుకు నాకు బాధ లేదు. ఆటగాళ్లకు వచ్చిన ఓటు చేతిదాకా వచ్చి జారిపోయింది, అది బాధ. మా రోజుల్లో ఒక స్కూల్ గేమ్స్ సెలక్షన్‌లో మంచి గోలీని పక్కనపెట్టి ఎవరి సిఫారసుతోనో ఇంకో పిల్లాడిని తీసుకున్నారు. అడగడానికి పోతే ‘కమిటీ నిర్ణయం’ అన్నారు. కమిటీలో బూట్లు కట్టి ఆడినవాడు ఒక్కడూ లేడు.

నువ్వు ఆట మానొద్దు. మీ జిల్లా సంఘంలో ఓటర్లు ఎవరో, ఎన్నిక ఎప్పుడో, జమాఖర్చులు ఎక్కడ చూపిస్తారో కనుక్కో.

ప్రశ్న: ఇప్పుడు అన్ని దేశాలూ ఓటేస్తున్నాయట కదా. బాగుపడినట్టేనా?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కడప

జవాబు: ఒకసారి బాగుపడింది సార్. 2018లో మాస్కోలో 2026 కప్పు కోసం దేశాలన్నీ బహిరంగంగా ఓటేశాయి. అమెరికా, కెనడా, మెక్సికో కూటమికి 134, మొరాకోకు 65. ఏ దేశం ఎటు వేసిందో పేపర్లలో వచ్చింది. నాకు సంతోషం వేసింది.

ఆ తర్వాత పోటీయే లేకుండా చేశారు. 2030 కప్పును మొరాకో, స్పెయిన్, పోర్చుగల్‌లకు ఇచ్చి, శతాబ్ది పేరుతో మొదటి మ్యాచులు ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేలలో పెట్టారు. మూడు ఖండాలు అయిపోయాయి కాబట్టి 2034కి ఆసియా, ఓషియానియా దేశాలే అడగాలన్నారు. 2023 అక్టోబర్ 4న ప్రకటన, 31 లోపల ఆసక్తి తెలపాలి. ఆస్ట్రేలియా తప్పుకుంది, సౌదీ ఒక్కటే మిగిలింది. 2024 డిసెంబర్ 11న ఆన్‌లైన్ సమావేశంలో రెండు కప్పులనూ కలిపి చప్పట్లతో ఆమోదించారు. ఈ పద్ధతి బాగాలేదని నార్వే ఒక్కటే గట్టిగా చెప్పింది. అంతకుముందే 2027 ఆసియా కప్ పోటీ నుంచి మన దేశం తప్పుకుంది, అదీ సౌదీకే పోయింది. 211 సభ్య సంఘాల చేతిలో ఓటు పెట్టి, ఎంచుకోవడానికి ఒకే పేరు చూపిస్తే ఆ ఓటుకు విలువేముంది?

ప్రశ్న: మా తమ్ముడు దోహాలో స్టేడియం పనికి పోయాడు. ఏజెంటుకు లక్షకు పైగా కట్టాం. ప్రపంచకప్ కార్మికులకు ఆ డబ్బు తిరిగిస్తారని విన్నాం. వాడు ఇప్పుడు ఇంటికొచ్చేశాడు. ఏమైనా వస్తుందా సార్?
– ఒక అక్క, రాజంపేట

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువ కదిలించింది మీదే. నా దగ్గర చదివిన పిల్లలు ఎంతోమంది కువైట్‌కూ, ఖతార్‌కూ పోయారు. ఆ 22 మంది జ్యూరిచ్‌లో చేసిన నిర్ణయం చివరికి ఎక్కడికి చేరిందంటే, మన రాజంపేట, రాయచోటి ఇళ్లలోకి చేరింది.

ప్రపంచకప్ కాంట్రాక్టర్లు రిక్రూట్‌మెంట్ ఫీజు తిరిగిచ్చే పథకం ఒకటి నిజంగానే ఉండేది. అది ఆ కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసినవాళ్లకు, జీతంతో పాటు విడతలుగా ఇచ్చేది. మీ తమ్ముడి పాత జీతం స్లిప్పుల్లో అలాంటి మొత్తం ఉందేమో ముందు చూడండి. ఖతార్ కప్పుతో ముగిసిన నాలుగేళ్లలో ఫిఫాకు 750 కోట్ల డాలర్లు వచ్చాయి. జట్లకిచ్చిన ప్రైజ్ మనీ 44 కోట్ల డాలర్లు. కనీసం అంతే మొత్తం కార్మికులకూ కేటాయించమని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2022లో అడిగింది. ఫిఫా 2024లో 5 కోట్ల డాలర్లతో నిధి ప్రకటించింది గానీ, అది కార్మికుల కుటుంబాలకు నేరుగా చేరేది కాదు. కాబట్టి ఎవడైనా వచ్చి ‘ఫిఫా డబ్బు ఇప్పిస్తా, ఫారానికి ఇంత కట్టండి’ అంటే ఒక్క రూపాయి ఇవ్వద్దు.

ఏజెంటు సంగతి వేరు. మన చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగానికి లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్ష తీసుకున్నాడంటే అది అక్రమం. కట్టిన రసీదు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ మాటలు, వీసా కాపీ, ఒప్పందం అన్నీ ఒకచోట పెట్టండి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసి అక్కడే ఫిర్యాదు పెట్టండి. లైసెన్సు లేకపోతే పోలీస్ స్టేషన్లో కూడా ఇవ్వండి. తమ్ముడు మళ్లీ గల్ఫ్‌కు పోతానంటే, ప్రవాసీ భారతీయ బీమా చేయించకుండా పంపొద్దు. ప్రీమియం కొన్ని వందల రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. కాగితాలు ఎలా రాయాలో తెలియకపోతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఫిర్యాదు నేనే రాసి పంపుతాను.