ఢిల్లీలో మూడు రోజులు: ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా తిరగాలా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నేను ఇంటి దగ్గరే టైలరింగ్ చేస్తాను, మావారు ప్రైవేటు ఉద్యోగి, బాబుకు పదహారేళ్ళు. ఇన్నేళ్ళలో చెన్నై, బెంగళూరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. మావారికి సోమవారం ఒక్కరోజే సెలవు దొరికింది కాబట్టి శని, ఆది, సోమవారాలు ఢిల్లీ చూసి రావాలనుకున్నాం. దీనికోసం 75,000 రూపాయలు పక్కన పెట్టాం. అందులో చెన్నై నుంచి రానుపోను విమాన టికెట్లకే 36,000 అయిపోయింది. ఒక ట్రావెల్ ఏజెంటు ముగ్గురికీ కలిపి 42,000కు ప్యాకేజీ చెప్పాడు. ఆదివారం బస్సులో ఆగ్రా, సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్, అన్నీ కలిపి పద్నాలుగు చోట్లు చూపిస్తాడట. చేతిలో డబ్బు చాలకపోతే క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల వడ్డీ లేని ఈఎంఐ పెట్టుకోమంటున్నాడు. సొంతంగా వెళ్దామంటే ఊరి చివర రోజుకు 1,200కు గది ఉంది, మెట్రో స్టేషన్ పక్కన 3,000 అడుగుతున్నారు. నెలకు 5,000 చొప్పున కడుతున్న ఆర్‌డీని మధ్యలో తీసేయాలా? అడ్వాన్సుగా 2,000 ఇచ్చేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ లెక్కల్లోకి వెళ్ళేముందు, మీరు రోజూ చూసే ఒక దృశ్యాన్ని గుర్తు చేస్తాను. మన రైల్వే స్టేషన్ ఎదుట, విష్ణు నివాసం దగ్గర, పొద్దున్నే దిగిన కుటుంబం ఒకటి యాభై రూపాయల తేడా కోసం ఆటో డ్రైవరుతో అరగంట బేరమాడుతూ ఉంటుంది. వాళ్ళ చేతిలోని 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ మీద సమయం మాత్రం ఆగకుండా దగ్గరపడుతూ ఉంటుంది. వాళ్ళు పిసినారులూ కారు, తెలివితక్కువవాళ్ళూ కారు. కొత్త ఊళ్ళో దేనికి ఖర్చు పెట్టాలో, దేనికి పెట్టకూడదో తెలియకపోవడం వల్ల అలా జరుగుతుంది. స్థానికులుగా మనకు అది వెంటనే కనిపిస్తుంది గానీ, ఢిల్లీలో దిగగానే మనమూ ఆ యాత్రికుల్లాగే అయిపోతాం.

కాబట్టి రూపాయలకంటే ముందు గంటలను లెక్కపెడదాం. శనివారం ఉదయం పదింటికి బయటపడి రాత్రి ఎనిమిది వరకు తిరిగితే 10 గంటలు, ఆదివారం పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది వరకు 13 గంటలు, సోమవారం విమానాశ్రయానికి బయలుదేరేలోపు 9 గంటలు, మొత్తం 32 గంటలు మీ చేతిలో ఉంటాయి. 75,000ను 32తో భాగిస్తే మీ కుటుంబానికి గంట విలువ దాదాపు 2,350 రూపాయలు అవుతుంది. విమాన టికెట్ల డబ్బు ఎలాగూ తిరిగి రాదు కదా, దాన్ని ఇందులో కలపడం ఎందుకని మీరు అడగవచ్చు. ఈసారి పోగొట్టుకున్న గంట మళ్ళీ కావాలంటే ఆ టికెట్లు కూడా మళ్ళీ కొనాల్సిందే కాబట్టి కలిపాను.

ఇప్పుడు గది సంగతి చూడండి. ఊరి చివరి గదివల్ల రెండు రాత్రులకు 3,600 మిగులుతుంది. అయితే అక్కడి నుంచి చూడదగ్గ చోట్లకు ఒక్కో ప్రయాణానికి ముప్పావు గంట అదనంగా పడుతుందనుకుంటే, మూడు రోజుల్లో అలాంటి ఐదు ప్రయాణాలకు మూడు గంటల నలభై ఐదు నిమిషాలు పోతాయి; మన లెక్క ప్రకారం అది 8,800 రూపాయల విలువైన సమయం. రాత్రిపూట మెట్రో దిగి గది చేరడానికి పెట్టే ఆటో ఖర్చు దీనికి అదనం. ఇంట్లో ఉన్నప్పుడు పొదుపు అనిపించే పని రెండు రాత్రుల ప్రయాణంలో దుబారా కావడం ఇలాగే జరుగుతుంది. మెట్రో పక్కన గదినే తీసుకోండి. రోజుకు 7,500 లోపు అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే కాబట్టి, చెప్పిన 3,000లో పన్ను కలిసి ఉందో లేదో అడిగి, అంతకు మించి పన్ను వేస్తే ఎందుకని నిలదీయండి.

ఇక ప్యాకేజీ విషయం. దాని ధర కంటే దానిలోని సోమవారం నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచింది. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్ మూడింటికీ సోమవారమే సెలవు. చాలా ఏళ్ళ క్రితం నేనే ఒక సోమవారం ఉదయం ఎర్రకోట ముందు దిగి, మూసిన ద్వారాన్ని చూసి, తప్పు నాదేనని తెలిసినా అక్కడి పోలీసును రెండుసార్లు అడిగి వెనక్కి వచ్చాను. అప్పటి నుంచి ఏ ఊరు వెళ్ళినా మొదట వారపు సెలవులే చూసుకుంటున్నాను. ‘చూపిస్తాం’ అనే మాటకు టూరిస్టు బస్సుల భాషలో కిటికీలోంచి వేలు పెట్టి చూపించడం అనే అర్థం కూడా ఉందని మరచిపోకండి. పద్నాలుగు చోట్లను 32 గంటలకు సర్దితే, రోడ్డు మీద గడిచే సమయం తీసేశాక ఒక్కో చోట మిగిలేది గంట కంటే తక్కువే.

ఆదివారం ఆగ్రా ప్రయాణం ఇంకా ఖరీదైనది. బస్సులో పోను నాలుగు, రాను నాలుగు గంటలనుకుంటే, మీ 32 గంటల్లో సరిగ్గా పావు వంతు, అంటే 18,800 రూపాయల విలువైన కాలం, సీటులో కూర్చోవడానికే సరిపోతుంది. తాజ్‌మహల్ చూడవద్దని నేను అనడం లేదు. హజరత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా చేరుస్తుంది కాబట్టి, రిజర్వేషన్ మొదలయ్యే 60 రోజుల ముందే టికెట్ తీసుకుని, నాలుగైదు రోజుల సెలవుతో, శుక్రవారం కాకుండా చూసుకుని మరోసారి వెళ్ళండి. శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు, ఆ రైలు కూడా ఉండదు.

మీరు సొంతంగా వెళ్తే రోజుల వరుస ఇలా ఉంటే బాగుంటుంది. శనివారం ఎర్రకోట, దాని ఎదురుగానే ఉన్న చాందినీ చౌక్, సాయంత్రం ఇండియా గేటు, జాతీయ యుద్ధ స్మారకం. ఆదివారం ఉదయం హుమాయూన్ సమాధి, మధ్యాహ్నం నుంచి అక్షరధామ్; తిరుమలలో లాగే అక్కడా సెల్‌ఫోన్లు లోపలికి తీసుకువెళ్ళనివ్వరు కాబట్టి వాటిని అప్పగించి మళ్ళీ తీసుకోవడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో ఉంచుకోండి. వారమంతా తెరిచి ఉండే కుతుబ్ మినార్‌ను, బంగ్లా సాహిబ్ గురుద్వారాను సోమవారానికి వదిలేయండి. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి వంటి పురావస్తు శాఖ కట్టడాలకు మన దేశస్థులకు టికెట్ యాభై రూపాయల లోపే. దాన్ని ముందురోజు రాత్రి గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో తీసుకుంటే వరుసలో నిలబడే పని తప్పుతుంది. మెట్రో చార్జీ 2025 ఆగస్టు సవరణ తర్వాత కనీసం 11, అత్యధికంగా 64 రూపాయలు. ఎయిర్‌పోర్ట్ లైనుకు మాత్రం చార్జీలు వేరుగా ఉంటాయి. స్మార్ట్ కార్డు తీసుకుంటే ప్రతి ప్రయాణానికీ 10 శాతం తగ్గుతుంది. రెండు రోజులు రొట్టెలు తిన్నాక బాబు అన్నం కోసం బెంగపెట్టుకుంటే, అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడితో భోజనం దొరుకుతుంది.

ఈ పద్ధతిలో ఖర్చు వేసి చూస్తే గదికి 6,000, మూడు రోజుల తిండికి 6,000, మెట్రోకు, ఆటోలకు 3,000, ప్రవేశ టికెట్లకు 500, ఇక్కడి నుంచి చెన్నైకి రానుపోను 2,500, మొత్తం 18,000 అవుతుంది. అనుకోని అవసరాలకు 6,000, కొనుగోళ్ళకు 5,000 పెట్టుకున్నా 29,000తో తేలుతుంది. మీ దగ్గర మిగిలిన 39,000లో ఇంకా 10,000 ఉంటుంది. అందులోంచి వెయ్యో రెండు వేలో అలసిపోయిన వేళ క్యాబ్ ఎక్కడానికి వెచ్చిస్తే నేను తప్పుపట్టను, ఎందుకంటే అక్కడ డబ్బుతో మీరు గంటనే కొంటున్నారు. కొనుగోళ్ళ విషయంలో మాత్రం ఒక్క మాట: డ్రైవరు తనంతట తాను తీసుకువెళ్ళే ‘ప్రభుత్వ’ దుకాణంలో కమీషన్ మీరే కడతారు. నిజమైన రాష్ట్ర ప్రభుత్వ ఎంపోరియాలు బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లో వరుసగా ఉన్నాయి. కలంకారీ నచ్చిందని అక్కడ కొనేరు, శ్రీకాళహస్తి మనకు గంట దూరం.

ఈఎంఐ వద్దు. వడ్డీ లేదని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీని సాధారణంగా మీ నుంచే వసూలు చేస్తారు, నగదుగా చెల్లించేవారికి ఇచ్చే తగ్గింపు కూడా చాలాసార్లు మీకు దక్కదు. అంతకంటే ముఖ్యంగా, 42,000ను ఆరు వాయిదాలు చేస్తే నెలకు 7,000 కట్టాలి; బట్టలు కుట్టే పని తగ్గిన నెలలో మీరు మొదట ఆపేది 5,000 ఆర్‌డీనే. అదే కారణంగా ఆర్‌డీని మధ్యలో మూసేయడమూ వద్దు. చాలా బ్యాంకులు గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత వేస్తాయి, పైగా మీకు ఆ డబ్బు అవసరమే లేదని పై లెక్క చెబుతోంది.

నగదు నాలుగైదు వేలు వెంట ఉంచుకోండి. ఢిల్లీ మెట్రో నగరం కాబట్టి ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు మూడు లావాదేవీలే ఉచితం, ఆపైన ఒక్కోదానికి 23 రూపాయల వరకు చార్జీ, దాని మీద పన్ను పడతాయి. యూపీఐ ఇద్దరి ఫోన్లలోనూ, వీలైతే వేర్వేరు బ్యాంకు ఖాతాలతో ఉండాలి, ఎందుకంటే ఒక ఫోన్ చార్జింగ్ అయిపోవడం అనేది ఢిల్లీలో ఉన్నప్పుడే జరుగుతుంది.

అడ్వాన్సు 2,000 గురించి: ఏజెంటుకు ఫోన్ చేయకుండా వాట్సాప్‌లో రాయండి. సోమవారం సెలవు ఉండే మూడు చోట్లను సోమవారమే చూపిస్తామని ఇచ్చిన కార్యక్రమాన్ని ఫోటో తీసి జతచేసి, ఆ కారణంగానే రద్దు చేసుకుంటున్నామని, డబ్బు ఫలానా తేదీలోగా తిరిగి వేయమని మర్యాదగా అడగండి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే, ఇచ్చిన 2,000 పోతుందేమోనన్న బెంగతో మిగతా 40,000 కట్టకండి.