గ్యాలరీ మొదలుపెట్టే ముందు నీతో రెండు మాటలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ మ్యూజియంలో అన్ని మతాలవాళ్లకూ, భాషలవాళ్లకూ చోటిచ్చే గ్యాలరీ బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. ఒక్కో వర్గానికి ఒక్కో గది కేటాయించావు. అది మాత్రం వద్దమ్మా. ఎవరికి వాళ్లు తమ గదికి వెళ్లి, నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో సెయింట్ ముంగో మ్యూజియం ఉంది. 1993లో తెరిచారు. ఆరు మతాల వస్తువులున్నా, ఒక గ్యాలరీలో వాటిని మతాలవారీగా కాకుండా పుట్టుక, పెళ్లి, చావు లాంటి జీవిత ఘట్టాలవారీగా పెట్టారు. బిడ్డ పుడితే పక్కింటివాళ్లు ఏం చేస్తారో చూస్తుంటే మనింట్లో ఏం చేశామో గుర్తొస్తుంది. పరాయివాళ్లతో మాట కలపడానికి అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది?

వస్తువుల కోసం వెతికే ముందు మనుషుల దగ్గరికి వెళ్లు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. రకరకాల జాతుల, మతాల వాళ్లు కలిసి బతికిన చోటు. 1966లో వర్ణవివక్ష ప్రభుత్వం దాన్ని తెల్లవాళ్లకే అని ప్రకటించి, 60,000 మందికి పైగా జనాన్ని వెళ్లగొట్టి, ఇళ్లు కూల్చేసింది. 1994లో అక్కడ మ్యూజియం పెట్టినప్పుడు నేల మీద ఆ పేట మ్యాప్ పరిచారు. పాత నివాసులు వచ్చి తమ ఇల్లున్న చోట పేర్లు రాసుకున్నారు. పాత వీధుల బోర్డులు కూడా అక్కడే ఉన్నాయి. వాటిని దాచి ఉంచింది కూల్చివేత పనుల్లో ఉన్న ఒక మనిషి. అందుకే చెబుతున్నా, బాధపడ్డవాళ్ల దగ్గరికే కాదు, అవతలి పక్షంలో నిలబడ్డవాళ్ల దగ్గరికీ వెళ్లి అడుగు.

కథ చెప్పే పనిని కూడా పంచు. 2015 చివర్లో బెర్లిన్ మ్యూజియాలు సిరియా, ఇరాక్ నుంచి వచ్చిన శరణార్థులకు శిక్షణ ఇచ్చి గైడ్‌లుగా పెట్టుకున్నాయి. తమ నేల నుంచి వచ్చిన కళాఖండాల గురించి వాళ్లే అరబిక్‌లో వివరించారు. నిన్నటిదాకా సాయం కోసం ఎదురుచూసిన మనిషి విషయం తెలిసినవాడిగా నిలబడి మాట్లాడటం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

గొడవలు వస్తాయి. ఒకే సంఘటనను రెండు వర్గాలు రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటాయి. టెన్షన్ పడి రెంటినీ కలిపి చప్పటి వాక్యం ఒకటి రాసేయకు. రెండు లేబుళ్లు పక్కపక్కన పెట్టు, ఏది ఎవరి మాటో రాయి. అయితే రికార్డుల్లో రుజువైన హింసను మాత్రం 'కొందరి అభిప్రాయం' అని ఎప్పుడూ రాయకు. అక్కడ మధ్యేమార్గం లేదు. పూజా వస్తువుల్ని ఎలా తాకాలో, ఎక్కడ పెట్టాలో వాటిని కొలిచేవాళ్లనే అడుగు.

ఇదంతా మ్యూజియం పనేనా అని మీ కమిటీ అడిగితే, అంతర్జాతీయ మ్యూజియాల మండలి 2022 ఆగస్టులో ప్రాగ్‌లో ఆమోదించిన నిర్వచనం చూపించు. వైవిధ్యాన్ని పెంపొందించడం, ప్రజాసమూహాల భాగస్వామ్యం రెండూ అందులో ఉన్నాయి.

మ్యూజియం ఒక్కటే ఊరి పగలను తీర్చలేదు. అసలు గడప తొక్కనివాళ్లే ఎక్కువ. కాబట్టి తెరిచాక నెలకోసారైనా నాలుగు వస్తువులు పట్టుకుని బడులకూ, పేటలకూ నువ్వే వెళ్లు. దానికి బడ్జెట్ ఇప్పుడే అడుగు, తర్వాత ఇవ్వరు.

లేబుళ్ల మొదటి ప్రతి తయారయ్యాక నాకు పంపు. ఒక్కో లేబుల్ కింద, దాన్ని ఎవరితో కూర్చుని రాశావో కూడా రాసి పంపు.