గెలిచిన ఆంటిగ్వాకు డబ్బెందుకు రాలేదు?

తమ ఇంటర్నెట్ జూదం కంపెనీలను అమెరికా అడ్డుకుంటోందన్న కేసులో కరీబియన్ దీవుల దేశం ఆంటిగ్వా-బార్బుడా ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికాపై నెగ్గినా పరిహారం ఎందుకు అందలేదన్నది ప్రశ్న.

కేసంతా ఒక్క పద్దు చుట్టూ తిరిగింది. ఆ సంస్థ సేవల వాణిజ్య ఒప్పందంలో, విదేశీ కంపెనీలకు తలుపులు తెరుస్తామని అమెరికా ఇచ్చిన హామీల జాబితాలో ‘క్రీడలు మినహా ఇతర వినోద సేవలు’ అని ఉంది. జూదం అన్న మాటే లేదు. అయినా అది ఆ పద్దు కిందికే వస్తుందని 2005 ఏప్రిల్‌లో సంస్థ అప్పీలు సంఘం తేల్చింది. ప్రజా నైతికత పేరుతో ఆంక్షలు పెట్టుకోవచ్చంటూనే, అమెరికా గుర్రప్పందేల చట్టం దగ్గర మెలిక పెట్టింది: ఆ పందేల్లో స్వదేశీ కంపెనీలకు వేరే న్యాయం లేదని అమెరికా నిరూపించలేకపోయింది.

ఇక వసూలు. అక్కడ ఓడినవాడు నగదు కట్టడు. గెలిచినవాడు తానిచ్చిన రాయితీలను వెనక్కి తీసుకోవాలి. మామూలుగా దిగుమతి సుంకం పెంచుతారు. సుమారు లక్ష జనాభా ఉన్న దీవిలో ఆ పని చేస్తే ధరలు మండేది సొంత దుకాణాల్లోనే, అమెరికాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకే ఆంటిగ్వా మేధోహక్కులపై పడింది: అమెరికా కాపీరైట్ల వంటివాటికి తానిచ్చే రక్షణను ఆపేస్తానంది. ఏటా 344 కోట్ల డాలర్లు అడిగితే, 2007 డిసెంబరులో మధ్యవర్తులు 2.1 కోట్లు చాలన్నారు. ఆ మేరకు రక్షణ ఆపే అనుమతి చేతికొచ్చింది 2013 జనవరిలో.

కానీ ఆ అనుమతి ఆంటిగ్వా గడ్డ మీదే చెల్లుతుంది. అక్కడి సైటు నుంచి చౌకగా అమెరికా సినిమా కొని మరో దేశంలో దించుకుంటే, వర్తించేది ఆ దేశపు కాపీరైట్ చట్టం. పైగా ఏటి పరిమితి 2.1 కోట్లు ఎప్పుడు నిండాయో ఏ ధరతో లెక్కగట్టాలి, స్టూడియో ధరతోనా, సైటు ధరతోనా?