ఓటీసీ డెరివేటివ్స్ పనిలో చేరుతున్న మా బుజ్జమ్మకి

విజయనగరం

బుజ్జమ్మకి పెదనాన్న ఆశీస్సులు.

రిజర్వ్ బ్యాంకులో ఫైనాన్షియల్ మార్కెట్ల రెగ్యులేషన్ శాఖే కావాలని అడిగి మరీ వేయించుకున్నావని, అందులో ఓటీసీ డెరివేటివ్స్ పని, అంటే డాలరు రేటు లాంటివాటి మీద ఎక్స్ఛేంజీలో కాకుండా నేరుగా ఇద్దరి మధ్య రాసుకునే ఒప్పందాల పని, చూస్తావని మీ నాన్న చెప్పాడు. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు వీధంతా స్వీట్లు పంచాను. ఈ శాఖ పేరు విన్నప్పట్నుంచీ మాత్రం నిద్ర సరిగ్గా పట్టడం లేదు. మా కంపెనీ ఎలా మునిగిందో ఇంట్లో నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అప్పుడు నీకు ఏడెనిమిదేళ్లు. ఇప్పుడు చెప్పాలి.

గది, లోకల్ రైలు పాసు, వానాకాలం సామాను సంగతి మీ నాన్న చూసుకుంటాడు. చట్టాలు ఎలాగూ నువ్వే చదువుతావు. ఓటీసీ డెరివేటివ్స్ మీద రిజర్వ్ బ్యాంకుకి అధికారం ఇస్తూ 2006లో చేసిన సవరణ, 2020 నాటి నెట్టింగ్ చట్టం (ఇద్దరి మధ్య ఇటూ అటూ ఉన్న బాకీలు కొట్టేసి మిగిలిందే కట్టుకోవడం గురించి) ముందు చదువు. వాటిలో నేను చెప్పగలిగింది ఏమీ లేదు. నాకు తెలిసింది ఆ కాగితాలకి అవతల ఉండే మనుషుల సంగతి.

నేను అకౌంట్స్ చూసిన కంపెనీ స్టీలు తయారీలో వాడే ఫెర్రో అల్లాయ్స్ తయారుచేసి ఎగుమతి చేసేది. డాలర్లలో డబ్బు వచ్చేది. జీతాలు, కరెంటు బిల్లు రూపాయల్లో కట్టాలి. ఫర్నేసులకి కరెంటు బిల్లు ఎంతొస్తుందో నీకు తెలుసు. 2007 మొదట్లో 44 దగ్గర ఉన్న డాలరు ఏడాది చివరికి 39కి దిగింది. సరుకు అంతే, ధర అంతే, చేతికొచ్చే రూపాయలు మాత్రం నెలనెలా తగ్గిపోతున్నాయి. మా యజమాని మంచి మనిషి, జాగ్రత్తపరుడు. ఆయన టెన్షన్ అంతా ఆ రేటు మీదే.

అలాంటప్పుడు విశాఖ నుంచి ఒక బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. ప్రీమియం ఒక్క పైసా కట్టక్కర్లేదు, జీరో కాస్ట్ అన్నాడు. బయట 39న్నర ఉంటే మా దగ్గర నెలకి లక్ష డాలర్లు 41 చొప్పున తీసుకుంటామన్నాడు. అంటే నెలకి లక్షన్నర రూపాయలు మిగులు. బదులుగా, ఏ నెలలోనైనా డాలరు 42 దాటితే మేం లక్ష కాదు, రెండు లక్షల డాలర్లు అదే 41కి ఇవ్వాలి. మా ఎగుమతులే నెలకి లక్ష డాలర్లు.

ఆ కాగితాల్లో గ్రాఫు ఉన్న పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. కింద రేట్లు 38 దగ్గర మొదలై 42 దగ్గర ఆగిపోయాయి. ఆ లోపల ఎటు చూసినా మాకు లాభమే. 42 తర్వాత ఏమవుతుందో బొమ్మలో లేదు. అది వెనక పేజీల్లో, ఇంగ్లీషు పేరా మధ్యలో ఒక్క వాక్యం. యజమాని సంతకం పెట్టారు, స్టాంపు పడింది.

కొన్ని నెలలు నిజంగానే డబ్బు వచ్చింది. ఆ ధైర్యంతో ఇంకో బ్యాంకుతో కూడా అలాంటిదే రాసుకున్నారు. బుజ్జమ్మా, ఇక్కడ ఆగి చదువు. ఇద్దరూ మా ఎగుమతి ఆర్డర్లే చూసి సరే అన్నారు. వాళ్లకి వీళ్ల సంగతి తెలీదు, వీళ్లకి వాళ్ల సంగతి తెలీదు. నెలకి లక్ష డాలర్లు వచ్చే కంపెనీ, 42 దాటితే నాలుగు లక్షలు ఇవ్వాలి. ఈ రెండూ కలిపి కూడిన మనిషి లేడు. బ్యాలెన్స్ షీటులో ఆ లెక్క లేదు, ఆడిటరూ అడగలేదు.

2008 అక్టోబరుకి డాలరు 49కి వెళ్లింది. సెప్టెంబరులో అమెరికాలో లీమన్ బ్రదర్స్ కూలాక స్టీలు గిరాకీ పడిపోయి మా ఆర్డర్లు ఆగిపోయాయి. చేతిలో లేని డాలర్లు బయట 49కి కొని 41కి ఇవ్వాలి. డాలరుకి 8 రూపాయల చొప్పున నాలుగు లక్షల డాలర్లకి నెలకి 32 లక్షలు. ఇప్పుడే వదిలించుకోవాలంటే ఎంత కట్టాలని బ్యాంకుకి ఫోన్ చేస్తే, వాళ్లు చెప్పిందే అంకె. అది సరైనదో కాదో సరిచూసుకోవడానికి ఇంకో చోటు లేదు. ఆ ఏడాది పైడితల్లమ్మ సిరిమానుకి బోనస్ ఇవ్వలేకపోయారు. తర్వాత ఒక ఫర్నేసు ఆపేశారు. ట్యాపింగ్ దగ్గర, అంటే ఫర్నేసులోంచి కరిగిన లోహం బయటికి తీసే చోట, ఇరవయ్యేళ్లుగా పనిచేసిన వాళ్లు గేటు బయట నిలబడి, మళ్లీ ఎప్పుడు వెలిగిస్తారని నన్ను అడిగేవారు. యజమాని గజపతినగరం వైపు ఉన్న మామిడి తోట అమ్ముకున్నారు. అదీ చాలలేదు.

మేం ఒక్కళ్లమే కాదు. తిరుప్పూర్ బనియన్ల వాళ్ల దగ్గర్నుంచి ఎంతోమంది ఇలాగే దెబ్బతిని కోర్టులకెక్కారు. 2011 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు 19 బ్యాంకులకి జరిమానా వేసింది, ఒక్కోదానికి 5 నుంచి 15 లక్షలు. మా ఒక్క నెల నష్టం దానికి రెట్టింపు. నువ్వు చేరుతున్నది ఆ ఆఫీసులోనే కాబట్టి ఈ మాట కటువుగానే చెప్తున్నాను.

మన ఊళ్లో పొలం కొనేవాడు ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి ఈసీ తీయిస్తాడు. అదే పొలం ఇంకెవరి దగ్గరైనా తాకట్టులో ఉంటే అందులో పడుతుంది. ఓటీసీ ఒప్పందాలకి అప్పట్లో ఈసీ లేదు. ఇక్కడే కాదు, ప్రపంచంలోనే సరిగ్గా లేదు. లీమన్ పడిన మర్నాడే ఏఐజీ అనే పెద్ద బీమా కంపెనీకి అమెరికా ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వాల్సి వచ్చింది. అప్పులు ఎగ్గొడితే మేం కడతామని అది ఎందరికో హామీలు అమ్మింది. ఎవరికి ఎంత బాకీ పడిందో బయటివాళ్లెవరికీ పూర్తిగా తెలీదు. ఆ భయంతోనే 2009లో పిట్స్‌బర్గ్‌లో జీ20 దేశాలు ఒక మాట మీదకొచ్చాయి. ప్రతి ఓటీసీ ఒప్పందం ట్రేడ్ రిపాజిటరీలో, అంటే ఒప్పందాల వివరాలన్నీ ఒకచోట దాచే సంస్థలో, నమోదు కావాలి. ఒకే మూసలో ఉండేవి ఎక్స్ఛేంజీల్లోనో ఎలక్ట్రానిక్ వేదికల మీదో జరగాలి, సెంట్రల్ కౌంటర్‌పార్టీ (ఇద్దరి మధ్య నిలబడి ఇద్దరికీ పూచీ ఉండే క్లియరింగ్ సంస్థ) ద్వారా సెటిల్ కావాలి. అలా కానివాటికి బ్యాంకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. మనకి క్లియరింగ్ కార్పొరేషన్ 2001 నుంచే ఉంది, రిపాజిటరీ కూడా దాని దగ్గరే.

కాబట్టి నా మొదటి మాట: నమోదైంది కదా అని ఊరుకోకు. రెండు వైపుల వాళ్లు పంపిన వివరాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా, ఒకే కంపెనీ ఎన్ని బ్యాంకుల దగ్గర ఉందో కలిపి చూస్తున్నారా అని అడుగు. ఒక్కో కంపెనీకి ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు, ఎల్‌ఈఐ, పెట్టింది అందుకే. 2021లో, షేర్ల మీద చాలా బ్యాంకులతో ఇలాంటి ఒప్పందాలు చేసుకున్న ఆర్కెగోస్ అనే అమెరికా ఫండు మునిగితే క్రెడిట్ స్వీస్ ఒక్కటే సుమారు 550 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. అదే షేర్ల మీద మిగతా బ్యాంకుల దగ్గర ఎంత ఉందో ఏ బ్యాంకూ పూర్తిగా చూడలేకపోయింది. 2022 మార్చిలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజీలో నికెల్ టన్ను లక్ష డాలర్లు దాటింది. ఒక చైనా కంపెనీ ధర పడుతుందని పెట్టుకున్న పొజిషన్‌లో ఎక్కువ భాగం బ్యాంకులతో ఓటీసీలో ఉంది, అది ఎక్స్ఛేంజీకి కనపడలేదు. ఆ రోజు ట్రేడ్లు రద్దుచేసి, వారం రోజులు మార్కెట్టు ఆపారు. ఆ వార్త చదివి నేను చాలాసేపు పేపరు పట్టుకుని కూర్చుండిపోయాను. మా రెండు బ్యాంకుల కథే మళ్లీ జరిగింది.

రెండోది. 2021లో మీవాళ్లే డైరెక్షన్స్ ఇచ్చారు, కొనేవాడు రిటైలా, అంటే చిన్నపాటి కొనుగోలుదారా, కాదా చూడాలి, రిటైల్ అయితే చిక్కుముడి ప్రొడక్టులు అమ్మకూడదు అని. చాలా మంచి పని. తనిఖీ ఫైలు నీ ముందుకొస్తే గ్రాఫు ఎక్కడ ఆగిందో చూడు.

మార్జిన్ సంగతి కూడా, అంటే ఒప్పందం నష్టంలోకి వెళ్తే ఎదుటివాళ్లకి హామీగా కట్టే డబ్బు. రోజూ మార్జిన్ వసూలు చేస్తే బాకీ పేరుకోదు, నిజమే. 2022 సెప్టెంబరులో బ్రిటన్‌లో బాండ్లు పడితే, మార్జిన్ కట్టడానికి పెన్షన్ ఫండ్లు ఆ బాండ్లే అమ్మబోయాయి, అవి ఇంకా పడ్డాయి. చివరికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి కొనాల్సి వచ్చింది. రూలు రాసేటప్పుడే, గడ్డురోజున ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారని అడుగు. రిస్కంతా ఒక్క క్లియరింగ్ సంస్థ దగ్గర చేరినప్పుడు దాని డిఫాల్ట్ ఫండు (ఎవరైనా ఎగ్గొడితే తీర్చడానికి పక్కన పెట్టిన డబ్బు) ఎంతుందో కూడా.

ఇదంతా చదివి డెరివేటివ్స్ అంటేనే పాపం అనుకోకు. పలాసలో ఆఫ్రికా నుంచి జీడిపిక్కలు తెప్పించుకునే వాళ్లు డాలర్లలో కట్టాలి. వాళ్లకి మామూలు ఫార్వర్డ్ కాంట్రాక్టు, అంటే తర్వాత కొనే డాలర్ల రేటు ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందం, కావాలి, సరసమైన రేటుకి కావాలి. రూల్సు బరువెక్కి చిన్నవాళ్లు అదీ మానేస్తే నష్టం వాళ్లకే.

ఇప్పుడు నీ గురించి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అర్థం కాకపోయినా తలూపేస్తావు. చిన్నప్పట్నుంచీ అంతే. అక్కడ అలా చేశావని తెలిస్తే ఊరుకోను. కోటు వేసుకున్న బ్యాంకు పెద్దలు ప్రెజెంటేషన్ పెడతారు, నీ పైఆఫీసర్లు అవునంటారు. నీకు అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పు, మళ్లీ అడుగు. నీకు లెక్కలు చెప్పింది నేనే కదా. నీకు లెక్క తెగలేదంటే చాలాసార్లు ఆ లెక్కలోనే ఏదో ఉండేది. నాకింకా నువ్వు గుంటవే, కానీ నీ బుర్ర మీద నాకు పూర్తి నమ్మకం.

ఇంకొక్కటి. మీ పెద్దన్నయ్య బ్యాంకు ట్రెజరీలో చేస్తున్నాడు. సర్క్యులర్ ఎప్పుడొస్తుంది, ఏం మారుస్తున్నారు అని మాటల్లో అడుగుతాడు. వాడు చెడ్డవాడు కాదు, అయినా చెప్పకు. పండక్కి అందరం కూర్చున్నప్పుడు ఆఫీసు మాట వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపో. నేనడిగినా చెప్పకు. ఈ సంగతి వాడికి నేనే ముందుగా చెప్పి ఉంచుతాను, నీకు మొహమాటం ఉండదు.

ఇట్లు
పెదనాన్న